ఊగే పొట్ట చట్టం

ఒక పెద్ద అడవిలో పులి ఉంటుంది, ఎలుగుబంటి ఉంటుంది, జిత్తులమారి నక్క ఉంటుంది. ఇదంతా మీకు చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే. కానీ నేను చెప్పబోయే అడవిలో నక్క లేదు. ఎందుకు లేదంటే అక్కడ ఒక ఆఫీసు పెట్టారు. ఆఫీసు పెట్టాక నక్కలకి చేతినిండా పని లేకుండా పోయింది. మూటాముల్లే సర్దుకుని వేరే అడవికి తరలిపోయాయి.

ఆఫీసంటే బల్లలూ బీరువాలూ అనుకునేరు. ఒక ఇప్పచెట్టు, దాని కింద చదునైన బండ, అంతే. రోజూ పొద్దున్నే ఆ బండ మీద ఉమ్మడి వాటా పంచేవారు. పులిదొరవారు తిని వదిలేసిన మాంసం, కోతులు దులిపిన పళ్ళు, అడవిపందులు తవ్విన గడ్డలు, పుట్టతేనె, అన్నీ అక్కడికి చేరాలి. ముసలివాళ్ళు, కుంటివాళ్ళు, పసిపిల్లల తల్లులు, దిక్కూమొక్కూ లేనివాళ్ళు వచ్చి తమ వాటా పట్టుకుపోవాలి. ఎవరో పుణ్యాత్ముడు చేసిన ఏర్పాటు అది. పుణ్యాత్ముడు పోయాడు, ఏర్పాటు మిగిలింది, దాని చుట్టూ ఆఫీసు మొలిచింది.

ఆఫీసుకి అధ్యక్షుడు గుబురయ్య అనే ఎలుగుబంటి. కార్యదర్శి కంటకేశ్వర్రావు అనే ముళ్ళపంది. అధ్యక్షుడి పని బండ మీద కూర్చోవడం. మిగిలిన పనంతా కంటకేశ్వర్రావుది. ఆయన్ని ఎవరైనా గట్టిగా ఏదైనా అడిగారో, ఒంటి మీద ముళ్ళన్నీ లేచి గలగలమనేవి. అడిగినవాళ్ళు "ఏదో మాటవరసకి అడిగాం లెండి" అంటూ వెనక్కి జరిగేవారు.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. వాటా పంచేముందు సరుకు మంచిదో కాదో రుచి చూడాలి. ప్రజల ఆరోగ్యం కదా మరి! ఒకప్పుడు రుచి చూడటమంటే ఒక ముక్క కొరకడమే. తర్వాత గుబురయ్యగారు "ఒక్క ముక్కతో ఏం తెలుస్తుందయ్యా" అన్నారు. నిజమే కదా, పై ముక్క బాగున్నా అడుగు ముక్క పాడై ఉండొచ్చు. మధ్య ముక్క సంగతి ఎవరు చెప్పగలరు? అలా అలా పెరిగి పెరిగి, పంపకం మొదలయ్యే వేళకి బండ మీద ఎముకలూ తొక్కలూ తేనె అంటిన ఆకులూ మిగిలేవి. వాటినే సర్దుకుని తినేవారు జనం.

అలాంటి అడవిలోకి వచ్చి పడింది మన మీగడ.

మీగడ ఇంటిపిల్లి. అడవి అంచున క్వార్టర్సులో ఓవర్సీరుగారి భార్య వకుళమ్మగారు పెంచుకున్న పిల్లి. గడప దాటి ఎరగదు. పాలు గోరువెచ్చగా లేకపోతే మూతి తిప్పుకునేది. ఎలుక కనబడితే మంచమెక్కి వకుళమ్మగారిని కేకేసేది. ఆవిడే దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. ఆ తర్వాత మెల్లగా పొట్ట దగ్గర తోలు వదులై, వెనక కాళ్ళ ముందు సంచీలా వేలాడింది. నడిస్తే ఇటూ అటూ ఊగేది. డాక్టరు నొక్కి చూసి, "కొవ్వు కాదమ్మా, ఉత్త తోలు. చాలా పిల్లులకి ఇంతే. ఏం భయం లేదు" అన్నాడు. వకుళమ్మగారు ఆ సంచీని వేలితో తట్టి ఊపి ముచ్చటపడేది. మీగడకి కూడా తన పొట్టంటే ముద్దే. ఒంటికి అదో నగ అనుకునేది.

ఓవర్సీరుగారికి బదిలీ అయింది. సామాను లారీకెక్కించారు. దారిలో డ్రైవరు రేడియేటర్లో నీళ్ళు పోసుకోవడానికి ఆపితే, మీగడ ఒక సీతాకోకచిలక వెంటపడి దిగిపోయింది. లారీ వెళ్ళిపోయింది. తప్పెవరిదంటే మీగడదే. సీతాకోకచిలకది కూడా కొంత ఉంది.

పొదలో కూర్చుని ఏడుస్తుంటే మొదట పలకరించింది నాంచారమ్మ అనే ముంగిస. పుట్ట పక్కన బొరియలో కాపురం. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"ఏమ్మా, ఒట్టి మనిషివి కూడా కానట్టున్నావు! ఎన్నో నెల?" అంది పొట్ట వంక చూస్తూ.

"కడుపు కాదు పిన్నీ. ఆపరేషన్."

"ఆపరేషనంటే ఏంటే?"

మీగడ ఏడుపు ఆపి, తెలిసినంతవరకు చెప్పింది. నాంచారమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఇంక పిల్లలే పుట్టరా? ఎంత హాయే తల్లీ! నాకు ఏడాదికి రెండు పురుళ్ళు. నాలాంటి వాళ్ళకి కదా చెయ్యాలి ఆ సాయం! సరే, లే. ఇక్కడ కూర్చుని ఏడిస్తే వాటా రాదు. పద ఆఫీసుకి."

ఆఫీసులో కంటకేశ్వర్రావు మీగడని ఎగాదిగా చూశాడు.

"వేటాడటం రాదా?"

"రాదండి."

"గోళ్ళున్నాయి కదా!"

"సోఫా గీకేదాన్నండి."

సోఫా అంటే ఏమిటో కంటకేశ్వర్రావుకి తెలీదు. తెలీదని ఒప్పుకుంటే కార్యదర్శి ఎలా అవుతాడు? "అలాగా, సోఫానే గీకావా, పర్వాలేదు" అని దిక్కులేనివాళ్ళ వరసలో నిలబెట్టాడు. రోజూ ఒక ఎముక, దాని చుట్టూ అక్కడక్కడా కాస్త కండ. వకుళమ్మగారి పెరుగన్నం గుర్తొచ్చి కళ్ళు తిరిగేవి గానీ, ప్రాణం నిలబడింది. వాటా లేకపోతే తను నాలుగు రోజులు కూడా బతకదని మీగడకి బాగా తెలుసు.

ఎండాకాలం వచ్చింది. వాటా ఇంకా పలచబడింది. ఒక రోజు పొద్దున్న కుంటి దుప్పి ఒకటి ముందుకొచ్చి నిలబడింది. ఒంట్లో ఓపిక లేదు కానీ గొంతులో కోపం ఉంది.

"అయ్యా, ఈ ఏడు పనసలు విరగకాశాయి. ఇప్పపువ్వు నేలంతా పరుచుకుంది. దొరవారు రోజు విడిచి రోజు వేటాడుతూనే ఉన్నారు. మా దాకా తొక్కలే వస్తున్నాయి. మధ్యలో ఎవరు తింటున్నారో తేల్చండి."

కంటకేశ్వర్రావు ముళ్ళు లేచాయి, గలగలమన్నాయి. ఈసారి ఎవరూ వెనక్కి జరగలేదు. పైగా ఒకళ్ళిద్దరు ముందుకు జరిగారు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. సరిగ్గా అప్పుడే మీగడ వాగులో నీళ్ళు తాగి, తన మానాన తను బండ ముందునుంచి నడిచివెళ్తోంది. పొట్ట ఇటూ అటూ ఊగుతోంది.

"అదిగో! దొంగసొత్తు నడుచుకుంటూ పోతోంది, చూడండి!" అని అరిచాడు కంటకేశ్వర్రావు.

అందరూ చూశారు. పొట్ట ఊగుతున్న మాట నిజమే.

"మీ వాటా అంతా ఎక్కడికి పోయిందని కదా అడుగుతున్నారు? అందులోకి పోయింది. ఆ సంచీ కనబడటంలేదూ? నింపుకోకపోతే అంత సంచీ ఎందుకొస్తుంది?"

వెనక వరసలోంచి ఒక గొంతు సన్నగా లేచింది. "పొట్టే రుజువైతే, అధ్యక్షులవారిది మాత్రం..."

గుబురయ్య పొట్ట బండ నిండా పరుచుకుని ఉంది. ఆయన గతుక్కుమన్నాడు. కంటకేశ్వర్రావు తడుముకోలేదు.

"పొట్ట ఉండటం నేరమని ఎవరన్నారు? కష్టపడినవాడికి పొట్ట వస్తుంది. అధ్యక్షులవారిది ఎలా ఉంది? గట్టిగా రాయిలా ఉంది. అధ్యక్షా, ఒకసారి చరిచి చూపించండి."

గుబురయ్య పొట్ట మీద ధబ్బుమని చరిచాడు. కదల్లేదు.

"చూశారా! న్యాయంగా వచ్చిన పొట్ట ఎప్పుడూ ఊగదు. ఊగిందంటే అది అడ్డదారిన వచ్చిందే."

జనానికి ఎవరో ఒకరు దొరకడం ముఖ్యం. పైగా దొరికింది కొత్తగా వచ్చిన పిల్లి. అవునంటే అవునన్నారు. అక్కడికక్కడే చట్టం చేసేశారు. నడిచేటప్పుడు ఊగే పొట్ట ప్రజల సొమ్ము తిన్న పొట్ట. అలాంటి పొట్ట ఉన్నవాళ్ళకి వాటా సగానికి కోత. వచ్చే పున్నమికి పొట్ట ఊగడం మానకపోతే వాటా పూర్తిగా రద్దు, వాగు అవతలికి బహిష్కారం. చివర్లో గంభీరంగా ఉంటుందని కంటకేశ్వర్రావు "ఎంతటివారైనా సరే!" అని చేర్చాడు. చాటింపు వేసే కొండముచ్చుకి ఆ ముక్క తెగ నచ్చింది. కొమ్మ కొమ్మకీ ఎక్కి, మిగతాదంతా గొణిగేసి, "ఎంతటివారైనా సరే!" దగ్గర మాత్రం అడవి అదిరిపోయేలా అరిచేది.

చట్టం చెల్లాలంటే తడిమట్టి మీద పులిదొరవారి పంజా ముద్ర పడాలి. కంటకేశ్వర్రావు ఆకులో మట్టిముద్ద పెట్టుకుని గుహకి వెళ్ళాడు. దొరవారు భోజనం చేసి కునుకు తీస్తున్నారు.

"ఏమిటయ్యా ఇది?"

"పొట్టల విషయం, ప్రభూ."

"మంచి విషయమే" అంటూ దొరవారు ముద్ద మీద పంజా వేసి, తియ్యడం మరిచిపోయి అలాగే నిద్రపోయారు. కంటకేశ్వర్రావు సాయంత్రం దాకా నిలబడి ఆ ముద్ద తెచ్చుకున్నాడు.

మీగడ పరుగున నాంచారమ్మ బొరియకి చేరింది. వాగు అవతల ఊరకుక్కలు మందలు మందలుగా తిరుగుతాయి. వాటి అరుపులు గాలివాటుకి వినబడుతూనే ఉంటాయి.

"పిన్నీ, ఇది తోలు. డాక్టరే చెప్పాడు. తోలు ఎలా తగ్గుతుంది?"

"డాక్టరు చెప్పింది వీళ్ళకి చెప్పకు. ఆసుపత్రి కూడా నువ్వే తినేశావంటారు" అంది నాంచారమ్మ. "పుట్ట చుట్టూ పరిగెత్తు. ఏమో, కరిగితే కరగొచ్చు."

మీగడ పరిగెత్తింది. పరిగెత్తిన కొద్దీ అది ఇంకా జోరుగా ఊగింది. నాంచారమ్మ తిప్పతీగ తెచ్చి పొట్ట చుట్టూ బిగించి కట్టింది. మీగడకి ఊపిరాడలేదు. రెండడుగులు వేసేసరికి తీగ పుటుక్కున తెగి, పొట్ట ఒక్కసారిగా కిందికి దిగి పెద్దగా ఊగింది. ఆ దారినే పోతున్న అడవికోళ్ళు కిసుక్కున నవ్వాయి. సిగ్గుతో మీగడ పొదలో దూరి బయటికి రాలేదు.

సగం వాటాతో ఒళ్ళు చిక్కిపోయింది. బుగ్గలు పీక్కుపోయాయి, వెన్నెముక తేలింది. పొట్ట మాత్రం అలాగే ఉంది. ఒళ్ళు చిక్కిన కొద్దీ తోలు ఇంకా వదులైంది, ఇంకా కిందికి వేలాడింది. నాంచారమ్మ చూసి తట్టుకోలేకపోయింది. పిల్లల తల్లి, తన వాటాయే తనకి చాలదు. అయినా అందులోంచి ఒక ముక్క తుంచి తెచ్చి మీగడ ముందు పెట్టేది.

"వద్దు పిన్నీ, నీ పిల్లలకి..."

"నోరు మూసుకుని తినవే పిచ్చిమొహమా. పిల్లలు నా దగ్గర లాక్కుని తింటారు. నీకు లాక్కోవడం కూడా రాదు."

పున్నమి దగ్గరపడగానే అధ్యక్షుడూ కార్యదర్శీ తనిఖీకి వచ్చారు. మీగడని నడిపించి చూశారు.

"చూశారా అధ్యక్షా! ఒళ్ళు తగ్గింది, పొట్ట తగ్గలేదు. అంటే ఏమిటన్నమాట? తిన్నదంతా తీసుకెళ్ళి పొట్టలో దాస్తోంది."

గుబురయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "తిన్నది అందరూ పొట్టలోనే కదయ్యా దాస్తారు?"

"మీరు ఊరుకోండి అధ్యక్షా" అన్నాడు కంటకేశ్వర్రావు.

కుంటి దుప్పి దూరంగా నిలబడి చూస్తోంది. "దాని వాటాలో సగం కోశారు కదా, ఆ సగం మాకేమైనా వస్తుందా?" అని అడిగింది.

"అది పరీక్షలో ఉంది" అన్నాడు గుబురయ్య మూతి తుడుచుకుంటూ.

పున్నమి నాడు పొద్దున్నే గుట్ట దగ్గర దర్బారు. బహిష్కారం మాట దొరవారి నోటినుంచే రావాలి. దొరవారి దర్బారుకి కొన్ని మర్యాదలున్నాయి. ఎవరూ తలెత్తకూడదు. ఎవరి చూపు వాళ్ళ కాళ్ళ మీదే ఉండాలి. దొరవారు అందరికంటే ముందొచ్చి గుట్ట మీద పడుకుంటారు, అందరూ వెళ్ళిపోయాక లేస్తారు. పులి నడుస్తుండగా చూసినవాళ్ళు అడవిలో లేరా అంటే ఉన్నారు. కొందరు చూసింది చెప్పడానికి మిగల్లేదు. మిగిలినవాళ్ళు పరిగెత్తే హడావుడిలో ఏమీ గమనించలేదు. అందుకని పులి మొహం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు గానీ, మిగతా పులి ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు.

ఈ మర్యాదల సంగతి మీగడకి ఎవరూ చెప్పలేదు.

కంటకేశ్వర్రావు నేరం వినిపించాడు. దొరవారు ఆవులించారు.

"ఈవిడేనా తిన్నది? చిక్కి సగమైంది కదయ్యా!"

"మోసం ప్రభూ. తమరు పొట్ట చూడాలి."

"ఏదీ, కనబడదే" అంటూ దొరవారు గుట్ట మీద లేచి నిలబడ్డారు. ముందుకాళ్ళు చాపి, నడుము సాగదీసి, ఒళ్ళు విరుచుకున్నారు. తలలు వంచుకుని ఉన్నవాళ్ళెవరికీ అది తెలీదు.

మీగడకి ఏం చెయ్యాలో తోచలేదు. క్వార్టర్సులో ఏదైనా కావాలంటే తను ఏం చేసేది? వకుళమ్మగారి కాళ్ళకి ఒళ్ళు రాస్తూ చుట్టూ తిరిగేది. ఎంత కోపంలో ఉన్నా ఆవిడ కరిగిపోయేది. బతకడానికి దానికి తెలిసిన విద్య అదొక్కటే. గుట్టెక్కింది. పులిదొరవారి ముందుకాలికి తల రాసింది. గుర్రుగుర్రుమంటూ రెండు కాళ్ళ మధ్యనుంచి దూరి, ఆయన కిందనుంచి నడుస్తూ, తల పైకెత్తి చూసింది.

చూసి ఆగిపోయింది. వెనక కాళ్ళ ముందు, అచ్చం తనలాగే, తోలు వదులై, పెద్ద సంచీ ఒకటి వేలాడుతోంది.

జాలితో మీగడ గుండె కరిగిపోయింది. తన భయం కూడా మరిచిపోయింది.

"అయ్యయ్యో దొరా! మీక్కూడా ఆపరేషన్ చేసేశారా!"

ఒక్కొక్క తలే పైకి లేచింది. అడవి అడవంతా మొట్టమొదటిసారి పులిదొరవారిని మొత్తంగా చూసింది.

"ఆపరేషనంటే?" అన్నారు దొరవారు.

"ఏం లేదు దొరా, పశువుల ఆసుపత్రిలో, ఇంక పిల్లలు..." అని మీగడ మొదలుపెట్టగానే గుంపులోంచి నాంచారమ్మ ప్రాణం పోయేలా దగ్గింది. మీగడ ఆ దగ్గు అర్థం చేసుకుంది. "అంటే, గొప్పవాళ్ళకి చేసే సన్మానం లాంటిది దొరా. బాగా నిద్రపుచ్చి చేస్తారు."

"నిద్రపుచ్చి చేస్తారా? అయితే మాకు ఎప్పుడో చేసే ఉంటారు. మేం ఎప్పుడూ నిద్రలోనే ఉంటాం" అన్నారు దొరవారు. మెడ తిప్పి తన పొట్ట తను చూసుకున్నారు. అటునుంచి ఇటు నడిచారు. పొట్ట ఇటూ అటూ ఊగింది. ఆగి, మళ్ళీ నడిచారు. మళ్ళీ ఊగింది.

"కంటకేశ్వర్రావూ! ఇది ఊగుతోందయ్యా."

"చిత్తం."

"ఊగితే ఏమవుతుందన్నావు?"

కంటకేశ్వర్రావు ముళ్ళు లేవబోయి వాలిపోయాయి. చెట్టు మీద కొండముచ్చుకి మాత్రం ఇది తన పనే అనిపించింది. "వాటా రద్దు, వాగు అవతలికి బహిష్కారం, ఎంతటివారైనా సరే!" అని గొంతు చించుకుని అరిచింది.

దొరవారి మొహం వాడిపోయింది. "మేం కూడా వాగు దాటాలా? అవతల కుక్కలుంటాయి కదా!"

ఏనాటికైనా అడవిలో పులికి కోపం వస్తే చూడొచ్చు గానీ, దిగులు వస్తే చూడలేం. గుబురయ్య మెల్లగా చెట్టు చాటుకి జరిగాడు. కానీ కంటకేశ్వర్రావు ఊరికే కార్యదర్శి అయ్యాడా? ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ప్రభూ! చట్టం మంచిదే. ప్రజలే దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. పొట్ట ఎప్పుడు ఊగుతుంది? లోపల ఖాళీగా ఉంటే ఊగుతుంది. నిండిన కుండ కదులుతుందా? ఊగే పొట్ట అంటే లోపల ఏమీ లేదని, ప్రజల సొమ్ము ఒక్క మెతుకు కూడా ముట్టలేదని రుజువు! త్యాగమూర్తులకే అలాంటి పొట్ట ఉంటుంది. దొంగ పొట్ట ఎలా ఉంటుందంటే, కూరి కూరి నింపి, గట్టిగా, చరిచినా కదలకుండా, రాయిలా..."

ఆయన గొంతు అక్కడ ఆగిపోయింది. అప్పటికే అందరి తలలూ గుబురయ్య వైపు తిరిగాయి.

"ఊగుతుంది, నాది కూడా ఊగుతుంది, చూడండి!" అంటూ గుబురయ్య గంతులేశాడు. ఎలుగుబంటి మొత్తం ఊగింది, కింద నేల ఊగింది. పొట్ట మాత్రం ఊగలేదు.

కుంటి దుప్పికి అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. దొరవారికి ప్రాణం లేచొచ్చింది. "అదీ న్యాయమంటే! ఈ ఎలుగుబంటి వాటా కోసెయ్యండి. బండ మీంచి దింపెయ్యండి. ఆ చోట్లో ఎవరుండాలంటే..." అని చుట్టూ చూసి, తన కాళ్ళ మధ్య నిలబడ్డ పిల్లిని చూశారు. "ఇదుగో, ఈవిడ్ని పెట్టండి. మా పొట్టలాంటి పొట్ట."

అలా మీగడ అధ్యక్షురాలైంది. కంటకేశ్వర్రావు ఏమయ్యాడని అడక్కండి. కార్యదర్శులకి ఏమీ కాదు.

మొదట్లో ఏమాటకామాటే చెప్పుకోవాలి, రోజులు బాగానే గడిచాయి. గుబురయ్య రుచి చూడకపోయేసరికి బండ మీద సరుకు సరుకులాగే ఉండేది. దుప్పికి తొక్కతో పాటు పండు కూడా వచ్చింది. మీగడ ఒకే ఒక్క ముక్క, అది కూడా మొహమాటంగా కొరికి, "బాగుంది, పంచండి" అనేది. నాంచారమ్మ పిల్లల్ని వెంటేసుకొచ్చి, "మా అమ్మాయే అధ్యక్షురాలు!" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేది.

కంటకేశ్వర్రావు మాత్రం చట్టం అమలు ఆపలేదు. వాటాకి వచ్చినవాళ్ళు బండ ముందు నడిచి చూపించాలి. పొట్ట ఊగితే ఖాళీ అన్నట్టు, వాటా ఇవ్వాలి. ఊగకపోతే ఎక్కడో తిని వచ్చినట్టు, ఇవ్వకూడదు. తెలివైన అడవిపందులు పొట్ట కింద సొరకాయలు కట్టుకుని వచ్చాయి. అవి బ్రహ్మాండంగా ఊగాయి, వాటా దొరికింది. చిక్కంతా నిజంగా పస్తులున్నవాళ్ళతో వచ్చింది. పస్తులున్నవాడి పొట్ట వెళ్ళి వీపుకి అంటుకుంటుంది. అది ఎంత నడిస్తే మాత్రం ఎలా ఊగుతుంది?

కుంటి దుప్పి మూడు కాళ్ళ మీద నడిచి చూపించి, ఉత్త చేతులతో వెనక్కి పోయింది. అటు గుబురయ్య వాటా లేక బాగా చిక్కిపోయాడు. చిక్కేసరికి తోలు వదులై, పొట్ట దర్జాగా ఊగడం మొదలెట్టింది. త్యాగమూర్తి అయిపోయాడు కదా, పైగా అనుభవం ఉన్నవాడు కదా అని కంటకేశ్వర్రావు ఆయన్ని సలహాదారుగా తెచ్చి బండ మీద ఒక పక్కన కూర్చోబెట్టాడు. సలహాదారు ఇచ్చిన మొదటి సలహా పరీక్ష సరిగ్గా జరగడం లేదని. రోజూ రెండు మూడు కార్జం ముక్కలైనా చూడకపోతే ప్రజల ఆరోగ్యం ఏం కావాలి?

మీగడకి మొదటిరోజు మనసొప్పలేదు. రెండోరోజు ముక్క గోరువెచ్చగా ఉంది. మూడోరోజు నుంచి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వేలాడే తోలు కింద మెల్లమెల్లగా అసలు కొవ్వే చేరింది. ఇప్పుడది ఊగేది కాదు, రాయిలా బిగుసుకుంది. కానీ కూర్చున్న అధ్యక్షురాలిని లేచి నడవమని అడిగేదెవరు?

ఒక పొద్దున్న వరసలో నాంచారమ్మ వంతు వచ్చింది. మళ్ళీ పురుడు పోసుకుంది. వెనక కొత్త పిల్లలు, ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. తల్లికి పాలు లేవు, పొట్ట వీపుకి అతుక్కుపోయి ఉంది.

"ఏమే అమ్మాయ్, బాగున్నావా? ఒళ్ళు చేశావు. ఇన్నాళ్ళకి నాకు నిశ్చింతగా ఉంది" అంది నాంచారమ్మ నవ్వుతూ.

మీగడ వాటా మీద చెయ్యి వేసింది. కంటకేశ్వర్రావు చెవి దగ్గరికి వంగాడు.

"ఒకరిని నడవకుండా పంపిస్తే రేపు అందరూ అడుగుతారండి. అందర్నీ నడిపిస్తున్నారు కదా, తమరు కూడా ఒకసారి లేచి నడవండి అంటారు."

మీగడ వాగు వైపు చూసింది. గాలి అటునుంచే వస్తోంది, కుక్కల అరుపులు వినబడుతున్నాయి. వాటా మీద వేసిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"పిన్నీ, ఒక్కసారి అటునుంచి ఇటు నడువు. నిన్ను అనుమానించి కాదు. ఊరికే, ఆనవాయితీ."

నాంచారమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. మీగడ మొహంలోకి చూసింది.

"నడుస్తానే తల్లీ. నడవడానికేం భాగ్యం!"

వెనక్కి తిరిగి నడిచింది. పిల్లలు వెంట నడిచాయి. బండ దాటి, ఇప్పచెట్టు దాటి, పుట్ట కూడా దాటి వెళ్ళిపోయారు. ఒక్కరి పొట్టా ఊగలేదు.

"ఆవిడే వద్దని పోయింది, మనం ఏం చేస్తాం" అన్నాడు కంటకేశ్వర్రావు. "తర్వాత ఎవరయ్యా, రండి!"

మీగడకి కళ్ళు తుడుచుకోవాలనిపించింది. అందరూ చూస్తున్నారని మానుకుంది. నోట్లో ఉన్న కార్జం ముక్క ఎంతకీ గొంతు దిగలేదు. అయినా పరీక్ష మధ్యలో ఆపడం ప్రజల ఆరోగ్యానికి మంచిది కాదని, ఎలాగో మింగి, రెండోది అందుకుంది.

నీతి: పొట్ట ఊగినా తప్పే, ఊగకపోయినా తప్పే, బండెక్కి కూర్చున్న పొట్ట ఎలా ఉన్నా ఒప్పే.